పాత కంప్యూటర్: డ్రైవర్ మార్చాలా, విండోస్ మళ్లీ వేయాలా?

విండోస్‌లో పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో పసుపు త్రికోణం కనిపించగానే చాలామంది విండోస్ మళ్లీ వేయడానికి సిద్ధమైపోతారు. తొందరపడకండి. ఆ పరికరం పేరు మీద రెండుసార్లు నొక్కి కోడ్ చూడండి. 28 అయితే డ్రైవర్ (ఆ పరికరాన్ని విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) లేదని, 10 అయితే పరికరం మొదలవడం లేదని, 12 అయితే దానికి కావలసిన వనరులు ఖాళీగా లేవని అర్థం.

శ్రమ: డ్రైవర్ మార్పు కాసేపటి పని. వెనకటి డ్రైవర్‌కు తిరిగి వెళ్లే 'రోల్ బ్యాక్' మీట వెలిసిపోయి ఉంటే మాత్రం పాత డ్రైవర్‌ను మీరే వెతుక్కోవాలి. విండోస్ వేయడానికి ఒక పూట పోయినట్టే.

ఖర్చు: రెండింటికీ దాదాపు లేదు.

ప్రమాదం: తప్పు డ్రైవర్‌ను సాధారణంగా వెనక్కి తీసుకోవచ్చు, విండోస్ మళ్లీ వేసేటప్పుడు చెరిపేసిన డిస్కులోని ఫోటోల మీద ఆశ పెట్టుకోలేం. ఇంకో చిక్కు, నేనూ పడ్డ గొయ్యి: నెట్‌వర్క్ డ్రైవర్‌ను ముందే పెన్‌డ్రైవ్‌లో దాచుకోకపోతే, డ్రైవర్ లేక నెట్ రాదు, నెట్ లేక డ్రైవర్ రాదు.

ఒక్క పరికరమే మొరాయిస్తుంటే, అదీ అప్‌డేట్ తర్వాతే మొదలైతే, డ్రైవర్ సంగతి చూడండి. కోడ్ 12 అయితే బయోస్‌లో (విండోస్ మొదలయ్యే ముందు తెరుచుకునే సెట్టింగుల్లో) వాడని సీరియల్ పోర్టును ఆపి, దాని వనరులు ఖాళీ చేసి చూడండి. ఏళ్ల తరబడి డ్రైవర్లు పేరుకుపోయి, అత్యవసర డ్రైవర్లతోనే నడిచే సేఫ్ మోడ్‌లో మాత్రమే నిలకడగా నడుస్తుంటే విండోస్ మళ్లీ వేయడమే నయం. విండోస్‌కు బదులు పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ నడిపినా సౌండ్ కార్డు పలకకపోతే లోపం కార్డులోనే ఉండే అవకాశం ఎక్కువ. అప్పుడు రెండూ వద్దు, కార్డు మార్చండి.