దుబాయ్ టికెట్ కొనే బరంపురం వాళ్లకు: “నాలుగు గంటలే” అంటే నమ్మకండి

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి గల్ఫ్‌లో ఉన్న పిల్లల దగ్గరికి పెద్దవాళ్లను పంపేవాళ్లు దయచేసి ఇది చదవండి. పోయిన నెల మా అమ్మ ముంబై ఎయిర్‌పోర్టులో రాత్రంతా కుర్చీలో కూర్చుంది. ఆమెకు తెలుగూ ఒడియా తప్ప ఇంకో భాష రాదు.

చెల్లి పురుడుకి అమ్మను దుబాయ్ పంపాలని ఊళ్లోనే ఒక ఏజెంటు దగ్గర టికెట్ తీశాను. విశాఖ నుంచి దుబాయ్ 3,000 కిలోమీటర్లు, నాలుగు గంటల ప్రయాణం అని ఫోన్లో చూపించాడు. ఆ లెక్క ఒకే విమానం తిన్నగా ఎగిరితే పట్టే సమయం. ఆయన అమ్మింది మాత్రం విశాఖ–ముంబై ఒక టికెట్, ముంబై–దుబాయ్ వేరే కంపెనీది ఇంకొకటి. రెండు పీఎన్ఆర్‌లు, అంటే రెండు వేర్వేరు బుకింగ్ నంబర్లు. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

దూరం పెద్దగా పెరగదు. విశాఖ–ముంబై సుమారు 1,100 కిలోమీటర్లు, అక్కడి నుంచి దుబాయ్ 1,930. ముంబై దాదాపు దారిలోనే ఉంది. ఆలస్యమంతా నేల మీదే. వేర్వేరు టికెట్లయితే ముంబైలో సామాను మనమే తీసుకుని, బయటికొచ్చి, మళ్లీ చెకిన్ చేయించాలి. అమ్మ దిగింది టెర్మినల్ 1లో, దుబాయ్ విమానం టెర్మినల్ 2లో. మధ్యలో సిటీ రోడ్డు, సాయంత్రం ట్రాఫిక్. పైగా విశాఖ విమానమే రెండు గంటలు లేటు. అమ్మ చేరేసరికి కౌంటర్ మూసేశారు. బయలుదేరడానికి గంట ముందే మూసేస్తారని నాకు అప్పుడే తెలిసింది. మొదటి విమానం లేటైతే మాకేం సంబంధం అన్నారు రెండో కంపెనీ వాళ్లు. వేరే పీఎన్ఆర్ కాబట్టి రూలు వాళ్ల వైపే ఉంది. మర్నాటి టికెట్‌కి మళ్లీ 18,400 కట్టాను. ఏజెంటు ఫోనెత్తలేదు.

డబ్బు సంగతి వదిలేయండి, అమ్మ ఫోన్లో “బాబూ, ఇక్కడ ఎవరినడగాలిరా” అన్న మాట ఇప్పటికీ చెవిలోనే ఉంది.

టైము విషయంలో ఇంకో మోసం జరుగుతుంది. టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. ముంబైలో 7:00కి ఎక్కి 8:45కి దిగినట్టుంటే గంటా ముప్పావు కాదు, మూడుంపావు గంటలు. తిరుగు ప్రయాణంలో దీనికి ఉల్టా, ఉన్నదానికంటే ఎక్కువ కనబడుతుంది. ఇంటి నుంచి లెక్కేస్తే బరంపురం నుంచి విశాఖకు రైల్లోనే నాలుగైదు గంటలు, ఆపైన మూడు గంటల ముందు ఎయిర్‌పోర్టులో ఉండాలి.

ఏజెంటును కిలోమీటర్లు అడగకండి. పీఎన్ఆర్ ఒకటేనా, సామాను దుబాయ్ దాకా నేరుగా వెళ్తుందా, టెర్మినల్ మారాలా, ఈ మూడూ అడిగి కాగితం మీద రాయించుకోండి. భువనేశ్వర్ నుంచి నేరుగా విమానం దొరికితే, నాలుగు వేలు ఎక్కువైనా పెద్దవాళ్లకు అదే కొనండి.

ఇప్పటికే టికెట్ చేతిలో ఉన్నవాళ్లు దాని మీద ఎన్ని పీఎన్ఆర్‌లు ఉన్నాయో ఈ రాత్రే చూసుకోండి. మార్చుకోవాలంటే ప్రయాణానికి ముందే వీలవుతుంది.