ఫిక్స్‌డ్ గేర్ సైకిల్‌తో మూడేళ్లు: ముందు బ్రేకు మాత్రం తీయకండి

మెహదీపట్నం నుంచి బంజారాహిల్స్ రోడ్ నంబర్ 12 మీదుగా ఆఫీసుకు వెళ్లి రావడం, మూడు వానాకాలాలుగా ఈ సైకిల్ మీదే. పెడల్ ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే ఫ్రీవీల్ దీనికి లేదు, చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరగాల్సిందే. పెడల్‌ను కాళ్లతో బిగబడితే చక్రమూ నెమ్మదిస్తుంది. దీన్ని నేను ఇంతగా ప్రేమించడానికి కారణం వేగం కాదు, నెమ్మది.

సాయంత్రం ఆరున్నరకు మాసాబ్ ట్యాంక్ దగ్గర చూడండి. ఆటో వెనక ఆటో, పక్కన సిటీ బస్సు, ఆ సందులో దూరే స్కూటర్లు. మామూలు సైకిల్ మీద అక్కడ బ్రేకు నొక్కడం, కాలు కింద పెట్టడం, మళ్లీ ఎక్కడంతోనే సరిపోయేది. దీని మీద ముందున్న ఆటో నెమ్మదిస్తే కాళ్లు కాస్త బిగబడతాను, అది కదిలితే వదులుతాను. మనిషి నడిచే వేగంలో కూడా సైకిల్ తూలదు. తారు మీద ఇసుక ఉంటే, వెనక చక్రం పట్టు తప్పబోతున్న సంగతి ముందు అరికాలికే తెలుస్తుంది. వానలో రిమ్ తడిస్తే బ్రేకు రబ్బర్లు కాస్త జారాక గాని పట్టవు. కాళ్లకు ఆ ఆలస్యం లేదు.

అందుకే మొదటి ఆరు నెలలూ బ్రేకు ఉత్త అలంకారమని కనిపించిన వాళ్లందరికీ చెప్పాను. ముందు చక్రానికి ఉన్న ఒక్క బ్రేకునూ తీసేద్దామని ఒక రాత్రి కూర్చున్నాను. సరిపోయే అలెన్ కీ ఇంట్లో లేదు. అది అలా ఉండిపోయింది.

రెండో ఏడాది వానాకాలంలో ఒక ఉదయం వెనక టైరు పంక్చర్ అయింది. వీధి చివర షాపులో ఇస్తే, అతను పెడల్ వెనక్కి తిప్పాడు, చక్రమూ వెనక్కి తిరిగింది. "అన్నా, ఫ్రీవీల్ పట్టేసింది, మార్చాలి" అన్నాడు పాపం. ఇది ఇంతేనని చెప్పి, చక్రం నేనే బిగించుకున్నాను. ఆఫీసు తొందరలో నట్లకు చివరి చుట్టు సరిగా పడలేదు.

ఆ సాయంత్రం రోడ్ నంబర్ 12 వాలులో దిగుతున్నాను. రోజంతా తొక్కిన తొక్కుడుకు ఇరుసు గాడిలో ముందుకు జరిగి, చైను వదులైపోయింది. అది నేను గమనించలేదు. స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరి దిగగానే టప్పుమని చప్పుడు. మరుక్షణం కాళ్ల కింద బరువు లేదు. ఎంత బిగబట్టినా పెడళ్లు ఊరికే ఊగాయి, చక్రం తన దారిన తాను పోతోంది. ఎదురుగా స్టాపులో ఆగిన బస్సు, దాని వెనక బంపర్ మీద ఎండిన బురద చారలు. రెండు వేళ్లు బ్రేకు మీదకు ఎలా వెళ్లాయో తెలియదు. ఒళ్లు వెనక్కి జరిపి నొక్కాను. జానెడు దూరంలో ఆగింది. చైను జారి స్పోకుల్లో ఇరుక్కుని ఉంటే చక్రం అక్కడికక్కడే బిగుసుకుని, వెనక వస్తున్న కారు ముందు పడి ఉండేవాణ్ని.

ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. కాళ్లు బ్రేకే, కానీ చైను ఉన్నంతవరకే. ఉన్నా కూడా, ఆపేటప్పుడు బరువు ముందు చక్రం మీదకు పోతుంది కనుక, వెనక చక్రం ఒక్కదాన్నీ పట్టుకుంటే చాలా దూరం జారాక గాని ఆగదు. ఇప్పుడు ప్రతి ఆదివారం క్రాంక్ (పెడళ్లు బిగించి ఉండే కడ్డీ) తిప్పుతూ చైను మధ్యలో వేలితో నొక్కి చూస్తాను. అర అంగుళం దాటి ఊగితే చక్రం వెనక్కి లాగి బిగిస్తాను. 15 మిల్లీమీటర్ల పానా సంచిలోనే ఉంటుంది.

టైరు గురించి ఒక్క మాట. నాకు మొదట చైను నడిచే పళ్ల చక్రాలకు ముందు 48, వెనక 16 పళ్లు ఉండేవి. క్రాంక్ ఒక చుట్టు తిరిగితే చక్రం సరిగ్గా మూడు చుట్లు. ఆగడానికి అదే కాలు ముందుంచి పెడల్ బిగబట్టి చక్రం జారిస్తే ప్రతిసారీ టైరులో అదే చోటు నేలకు రాసుకుంటుంది. నాలుగు నెలల్లో అక్కడ దారాలు తేలాయి. వెనక 17 పళ్లది వేయించాక ఆ అరుగుదల 17 చోట్లకు పంచుకుంది.

మోకాళ్ల మాట కూడా చెప్పాలి. వాలులో గంటకు 35 కిలోమీటర్లు పోతే కాళ్లు నిమిషానికి దాదాపు 100 చుట్లు తిరగాలి. నాకు ఒకే వాలు, అదీ చిన్నది, మోకాళ్లు ఇంకా బాగున్నాయి, వెనక కూర్చోబెట్టుకోవాల్సిన పిల్లలు లేరు. కాబట్టి నేను ఇదే తొక్కుతాను. మా తమ్ముడు విశాఖలో హనుమంతవాక దగ్గర ఉంటాడు, అక్కడ ఎత్తుపల్లాలు ఎక్కువ, అయినా వాడికీ ఇలాంటిదే కావాలట. ఒక వైపు ఫిక్స్‌డ్, రెండో వైపు ఫ్రీవీల్ పట్టే హబ్ (చక్రం నడుమ భాగం) ఉన్నది చూసి కొనుక్కోమన్నాను. రెండు బ్రేకులతో, మొదటి ఏడాది ఫ్రీవీల్ వైపే.