లైఫ్ జాకెట్ కొంటున్నారా? ముందు సిలిండర్ విప్పి చూడండి

పేరు రాయను. రాయక్కర్లేదు కూడా, సెకండ్ హ్యాండ్ పడవ సామాను కొనేవాళ్లకి ఆయనెవరో ఇట్టే తెలిసిపోతుంది. ప్రతి ఫోటోలోనూ సామాను కింద అదే నీలం టార్పాలిన్, ప్రతి ప్రకటనలోనూ "ఒక్కసారే వాడాం, కొత్తదాని కిందే లెక్క". నీళ్లలో పడితే లోపలి చిన్న సిలిండర్‌లోని గ్యాస్‌తో వాటంతటవే ఉబ్బే లైఫ్ జాకెట్లు రెండు ఆయన దగ్గర కొన్నాను. ఒకటి నాకు, ఇంకోటి తోడొచ్చిన బావమరిదికి.

తెరచాప పడవలో తీరం వెంబడి నా మొదటి పెద్ద ప్రయాణం. 110 నాటికల్ మైళ్లు, గంటకు 5 మైళ్ల లెక్కన 22 గంటలు, అంటే రాత్రంతా నీళ్ల మీదే. ప్రయాణం సంగతులు ఇంకోసారి రాస్తాను. రాత్రి రెండింటికి గాలి పెరిగింది, తెరచాప కుదించడానికి మాస్టు (తెరచాప కట్టే స్తంభం) దాకా పాకుతూ వెళ్లాను. పడవ ఒక్క కుదుపు కుదిపేసరికి మోకాళ్ల మీద పడ్డాను. నన్ను పడవకి కట్టి ఉంచే హార్నెస్ తాడు పట్టి ఆపింది. "పడినా ఏం కాదులే, జాకెట్ ఉందిగా" అని అప్పుడు ధైర్యం చెప్పుకున్నాను కూడా. ఉందండీ, జాకెట్ ఉంది.

నిన్న ఉప్పు కడుగుదామని దాన్ని విప్పి సిలిండర్ తిప్పి తీశాను. మూతి మధ్యలో సూదితో పొడిచినట్టు చిన్న రంధ్రం. బాగున్న సిలిండర్‌కి అక్కడ నున్నటి సీలు ఉంటుంది. ఇది ఎప్పుడో వాడేసింది. వంటింటి త్రాసు మీద పెడితే, దాని మీద ముద్రించిన బరువు కంటే 33 గ్రాములు తక్కువ. అందులో ఉండాల్సిన కార్బన్ డయాక్సైడ్ మొత్తం అంతే. తమాషా ఏంటంటే, సిలిండర్ ఇంకా వాడలేదని చూపించే ఆకుపచ్చ క్లిప్పు కొత్తది. నీళ్లు తగిలితే కరిగి, సూది సిలిండర్ సీలుని పొడిచేలా చేసే బిళ్ల కూడా కొత్తదే. మర్చిపోయి అమ్మాడని ఎలా అనుకోను? పైకి కనిపించేవి మార్చి, లోపల ఖాళీ సిలిండర్ బిగించి ఇచ్చాడు.

ఫోన్ చేశాను.

"ఇందులో గ్యాసే లేదండీ."

"మీరు నీళ్లలో పడ్డారా?"

"లేదు."

"మరింకేంటి ప్రాబ్లం?"

నాకు నోట మాట రాలేదు. ఆయనే మళ్లీ, "నోటితో ఊదుకోవడానికి గొట్టం ఉంటుంది కదండీ, కాస్త నేర్చుకుని సముద్రంలోకి వెళ్లాలి" అన్నాడు. వెనకాల ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఇంకా చెవిలోనే ఉంది.

చల్లటి నీళ్లలో పడ్డ మనిషికి మొదటి నిమిషం తన ఊపిరే తన చేతిలో ఉండదు, ఎగపోస్తుంది. చీకట్లో, అలల మధ్య, నేను మాత్రం బుగ్గలు పూరించి పుట్టినరోజు బుడగ ఊదినట్టు ఊదుకోవాలట!

నా తెలివికీ దండం పెట్టాలి. వాతావరణ సూచన నాలుగుసార్లు చూశాను. ఆపదొస్తే వీహెచ్‌ఎఫ్ 16వ ఛానల్‌లో ఏం చెప్పాలో కాగితం మీద రాసి రేడియో పక్కన అతికించాను. సిలిండర్ విప్పి చూడటం అర నిమిషం పని, అది మాత్రం చేయలేదు. పచ్చ క్లిప్పు చూసి మురిసిపోయాను.

డబ్బు వెనక్కి అడిగాను, నంబర్ బ్లాక్ చేశాడు.

కొనేవాళ్లు సిలిండర్ తీసి మూతి చూడండి, తూకం వేయండి. జాకెట్‌ని నోటితో ఊది ఒక రాత్రి వదిలేయండి, లీకుంటే తెలిసిపోతుంది. అమ్మేవాడు ఒప్పుకోకపోతే లేచి వచ్చేయండి.

బావమరిది జాకెట్ సిలిండర్ బాగానే ఉంది. దాన్ని ఊది కుర్చీకి తగిలించి ఇది రాయడం మొదలుపెట్టాను. అప్పుడు గట్టిగా ఉంది. ఇప్పుడు మెడ దగ్గర ముడత పడుతోంది.