టీమ్ లీడ్ల ట్రైనింగ్: రెండు రోజుల్లో పనికొచ్చింది ఒక్క పూటే

టీమ్‌లో వెనకబడినవాళ్లను ఎలా దారిలో పెట్టాలో నేర్పుతామని చెప్పే రెండు రోజుల ఆన్‌లైన్ ట్రైనింగ్ ఒకటి చేశాను. ఎవరు నడిపారో చెప్పను. నా టీమ్‌లో ఒకతను మూడు నెలలుగా ఏ పనీ చెప్పిన రోజుకి ఇవ్వట్లేదు, నేనేమో రోజుకి రెండుసార్లు "ఎంతవరకు వచ్చింది?" అని అడగడం, చివరికి రాత్రి కూర్చుని ఆ పని నేనే చేసేయడం. విసిగిపోయి చేరాను.

మొదటి రోజు ఉదయం స్లైడ్లే. కెమెరా ఆపేసి మెయిల్స్ చూసుకున్నాను, ఏమీ పోలేదు.

మధ్యాహ్నం మాత్రం ఇద్దరిద్దరిని జత చేసి, ఒకరు లీడ్, ఇంకొకరు ఉద్యోగి అనుకుని మాట్లాడుకోమన్నారు. "ఈమధ్య నీ పని బాగా స్లో అయింది, ఏమైనా ప్రాబ్లమా?" అన్నాను. అవతలావిడ "అంటే అండీ..." అందో లేదో "పర్లేదు, ఇలా చేద్దాం" అని సలహాలు మొదలుపెట్టేశాను. తర్వాత రికార్డింగ్ వేసి చూపిస్తే ఐదు నిమిషాల్లో ఆవిడ మాట్లాడింది అర నిమిషం కూడా లేదు! సిగ్గేసింది.

ఆ తర్వాత సెంటర్ ఫర్ క్రియేటివ్ లీడర్‌షిప్ వాళ్ల ఎస్‌బీఐ పద్ధతి (బ్యాంకు కాదు లెండి: సిచ్యుయేషన్, బిహేవియర్, ఇంపాక్ట్) చేయించారు. "నువ్వు స్లో" అనకుండా "సోమవారం ఇస్తానన్న రిపోర్ట్ బుధవారం వచ్చింది, టెస్టింగ్ వాళ్లు రెండు రోజులు ఖాళీగా కూర్చున్నారు" అని చెప్పి నోరు మూసుకోవాలి. ఆ నోరు మూసుకోవడమే కష్టం. 1998లో మాంజోనీ, బార్సూ అనే ఇద్దరు పరిశోధకులు రాసిన సంగతి కూడా ఒకటి చెప్పారు: ఒకరి మీద నమ్మకం తగ్గితే మనం నిఘా పెంచుతాం, నిఘా పెరిగేకొద్దీ అతను సొంతంగా ఏదీ తేల్చుకోలేక అన్నీ వదిలేస్తాడు, అది చూసి మనం "నేననుకున్నదే అయింది" అంటాం. ట్రైనర్ రెండు నిమిషాల్లో దాటేశాడు గానీ నాకైతే నా సంగతే చదివి వినిపించినట్టుంది.

రెండో రోజు దండగ. పనితీరు మెరుగుదల ప్లాన్ ఫారం ఎలా నింపాలో గంటన్నర చెప్పారు. అసలు మనిషికి పని రాదా, మోయలేనంత ఉందా, ఏం కావాలో మనమే సరిగ్గా చెప్పలేదా, ఒంట్లో బాగోలేదా అని తేల్చుకోవడానికి పదిహేను నిమిషాలు. డిప్రెషన్ లాంటిదేమోనని అనుమానం వస్తే లీడ్ ఎంతవరకు మాట్లాడాలి, హెచ్‌ఆర్‌కి ఎప్పుడు చెప్పాలి అని ఒకరడిగితే "ఎంపతీ చూపించండి" అన్నారు. అదేం జవాబండీ?

తిరిగొచ్చాక అతనితో కూర్చుని, చెప్పాల్సింది చెప్పి ఊరుకున్నాను. చాలాసేపటికి నోరు విప్పాడు. మానేసి వెళ్లినాయన ఒక్క నోట్ కూడా లేకుండా తను చూసే మాడ్యూల్ (ప్రాజెక్టులో ఓ భాగం) ఇతనికి అంటగట్టి వెళ్లాడట, నేను రోజుకి రెండుసార్లు అడుగుతుంటే టెన్షన్‌తో ఆ మాట చెప్పలేకపోయాడట. ఇప్పుడు పనిని రెండేసి రోజుల ముక్కలు చేసి ఇస్తున్నాను, వారానికో అరగంట పక్కన కూర్చుంటున్నాను, రాత్రిళ్లు అతని పని ముట్టుకోవట్లేదు. ఇప్పటికీ ఒక్కోసారి లేటే, కాకపోతే ముందురోజే చెప్తున్నాడు.

ఐదుకి మూడు స్టార్లు, మూడూ ఆ మధ్యాహ్నానికే. రికార్డింగ్ లింక్ వారం రోజులే తెరుచుకుంటుంది, మీరు చేరితే మీదైనా ముందే దించుకోండి.