పండని నేల చెక్కకు పదేళ్ల కౌలు: అమెరికా సీఆర్‌పీ పథకంపై సమీక్ష

ఏ రైతు పొలంలోనైనా పెట్టుబడి తినేసే చెక్క ఒకటి ఉంటుంది. వాలులో ఉండి వానకు పైమట్టి కొట్టుకుపోయేదో, వాగు పక్కన ఉండి ఏటా ముంపులో మునిగేదో. అలాంటి చెక్కను దున్నడం మానేసి గడ్డో చెట్లో పెంచితే పది నుంచి పదిహేనేళ్లపాటు ఏటా కౌలు చెల్లిస్తామని అమెరికా వ్యవసాయ శాఖ రైతుతో రాసుకునే ఒప్పందమే సీఆర్‌పీ, అంటే కన్జర్వేషన్ రిజర్వ్ ప్రోగ్రామ్. 1985 డిసెంబరులో వచ్చిన చట్టంతో మొదలైంది. తెలంగాణలో రైతు భరోసా సాగుకు పనికొచ్చే ఎకరాకు డబ్బు వేస్తుంది. అమెరికా పథకంలో సాగు ఆపిన ఎకరాకు వేస్తారు, అదీ నేలను పచ్చగా కప్పి ఉంచితేనే.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. పాడు చెక్కల వరకు, వాగు ఒడ్డుల వరకు ఇంతకన్నా మంచి బేరం రైతుకు దొరకదు. పొలం మొత్తం రాసిచ్చేద్దామనుకునేవాళ్లకు మాత్రం వద్దనే అంటాం.

ఇందులో చేరడానికి ముఖ్యమైన దారులు రెండు. జనరల్ సైనప్ (సైనప్ అంటే చేరడం) ప్రకటించిన రోజుల్లోనే తెరుస్తారు. నేల కోత, నీటి నాణ్యత, వన్యప్రాణులకు ఆసరా, ఖర్చు లాంటి వాటికి మార్కులు వేసి, ఎక్కువ వచ్చినవాళ్లను తీసుకుంటారు. కంటిన్యువస్ సైనప్‌లో ఈ పోటీ లేదు. వాగు వెంట చెట్లు, నీరు వడగట్టే గడ్డి పట్టీలు, తేనెటీగల పూలమొక్కలు లాంటి చిన్న పనులకు అది. సామాన్య రైతు చూడాల్సింది రెండోదే.

కౌలు లెక్క ఇది. ఆ కౌంటీలో (మన జిల్లా లాంటిది) సగటు కౌలు ఎంతో తీసుకుని, మీ నేల రకాన్ని బట్టి సవరిస్తారు. 2018 వ్యవసాయ చట్టం ప్రకారం జనరల్‌లో అందులో 85 శాతం, కంటిన్యువస్‌లో 90 శాతం పరిమితి. ఉదాహరణకు సవరించిన రేటు ఎకరాకు 200 డాలర్లయితే, కంటిన్యువస్‌లో 12 ఎకరాలకు ఏటా 2,160 డాలర్లు. గడ్డి వేసే ఖర్చులో సగం వరకు వ్యవసాయ శాఖే భరిస్తుంది. కౌలు అక్టోబరు 1 తర్వాత ఒకేసారి పడుతుంది. ఒక్కరికి ఏడాదికి 50 వేల డాలర్లు మించదు. ఈ అంకెను పొలం సగటు లాభంతో పోల్చకండి, ఆ చెక్క లాభంతోనే పోల్చండి. కోత యంత్రం గీసే దిగుబడి మ్యాపు ఐదేళ్లది ముందు పెట్టుకుంటే విషయం అక్కడే తేలిపోతుంది. మంచి నేలకైనా, ఎర్రబడ్డ వాలుకైనా విత్తనం, ఎరువు, డీజిల్ ఖర్చు ఒకటే, వాలు మీద గింజ మాత్రం సగమే.

పని జరిగేది కౌంటీలో ఉండే వ్యవసాయ శాఖ విభాగం ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ ఆఫీసులో. ఏం వేయాలో ప్రణాళిక రాసేది అదే శాఖలోని నేల సంరక్షణ విభాగం ఎన్ఆర్‌సీఎస్ వాళ్లు. భూమి కనీసం 12 నెలలుగా మీ చేతిలో ఉండాలి. 2018 చట్టం కింద 2012 నుంచి 2017 వరకు ఆరేళ్లలో నాలుగేళ్లు పంట వేసి ఉండాలి. సగటు ఆదాయం 9 లక్షల డాలర్లు దాటితే సాధారణంగా కుదరదు. అక్కడ భూమి కొన్న తెలుగువాళ్లు ఒకటి గమనించాలి. పౌరసత్వమో గ్రీన్ కార్డో లేకపోతే, భూమి, పెట్టుబడితో పాటు సొంత ఒళ్లు వంచి చెప్పుకోదగ్గ పని కూడా చేస్తేనే ఈ చెల్లింపు అందుతుంది. హెచ్‌1బీ మీద ఉద్యోగం చేస్తూ ఎక్కడో ఉండి కౌలు తీసుకుందామంటే జరగదు. ఇంకో మాట, ఒప్పందం ఆమోదం పొందకముందే విత్తనం కొని పని మొదలుపెడితే ఖర్చులో వాటా పోతుంది.

కాగితాల పని ఓపిక ఉంటే అయిపోతుంది. అసలు పరీక్ష గడ్డి మొలిపించడం. ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే.

పెద్ద బ్లూస్టెమ్, ఇండియన్ గ్రాస్, సైడోట్స్ గ్రామా లాంటి నాటు గడ్డి విత్తనం తూకంతో కొనేది కాదు, బతికిన గింజ లెక్కతో కొనేది. సంచి మీద శుద్ధత 80 శాతం, మొలక 75 శాతం అని ఉంటే అసలు బతికిన గింజ 60 శాతమే. ఎకరాకు 6 పౌండ్ల బతికిన గింజ కావాలంటే సంచిలోంచి 10 పౌండ్లు పోయాలి. ఈ గుణకారం మర్చిపోయి పలచగా చల్లుకున్నవాళ్లు ఎందరో.

లోతు పావు అంగుళం. అంతకు మించితే సన్న గింజ పైకి రాలేదు. సోయా కోసిన కొయ్యకాళ్ల నేల దీనికి శ్రేష్ఠం, చెత్త తక్కువ, నేల గట్టిగా ఉంటుంది. దున్నిన నేల అయితే రోలర్‌తో అణచాలి. బూటు మడమ వేసి చూడండి, అర అంగుళం కన్నా దిగితే ఇంకా వదులుగా ఉన్నట్టే. ఈ గింజలకు నూగు ఎక్కువ, మామూలు విత్తే యంత్రం (డ్రిల్లు) గొట్టంలో ఉండకట్టి ఆగిపోతాయి. వీటికోసం తయారైన పెట్టె ఉన్న డ్రిల్లు అద్దెకు తెచ్చుకోవాలి. పూలమొక్కల విత్తనాలు చాలావాటికి చలి తగిలితేనే నిద్ర వదులుతుంది, అందుకే చలికాలం మొదట్లో చల్లడం మేలు. అంతకుముందు పంటకు కొట్టిన కలుపుమందు నేలలో మిగిలి ఉందేమో లేబుల్ చూసుకోండి. గడ్డి మొలిచి పూలమొక్కలు ఒక్కటీ రాకపోతే చాలాసార్లు కారణం అదే.

మొదటి ఏడాది పొలం చూస్తే గుండె జారుతుంది. అంతా కలుపే. నాటు గడ్డి అప్పుడు వేరు మీద పని చేస్తుంటుంది, పైన నాలుగు ఆకులు కూడా కనిపించవు. దున్నేసి మళ్లీ వేయడం అప్పుడు చేసే పెద్ద తప్పు. కలుపు మోకాలెత్తు రాగానే ఆరంగుళాల ఎత్తులో కోసేస్తూ ఉండాలి, కింది మొలకకు ఎండ తగలాలి. పక్షులు నేల మీద గూళ్లు పెట్టే నెలల్లో కోతకు ఆంక్షలుంటాయి కాబట్టి ఆఫీసులో అడిగి కోయండి. మూడో ఏటికి గాని నిండుగా నిలవదు.

విత్తనం ఎక్కడిదో తప్పకుండా అడగండి. 2016లో అయోవాలో ఇలాంటి విత్తన మిశ్రమాలతోనే పామర్ అమరాంత్ చాలా కౌంటీల్లోకి పాకింది. అది మన తోటకూర జాతిదే. కానీ ఒక్క ఆడ మొక్క లక్షల గింజలు రాలుస్తుంది, కలుపుమందు గ్లైఫోసేట్‌కు లొంగని రకాలున్నాయి. పరీక్ష చేయించిన ధ్రువపత్రం లేని సంచి ఎంత చౌకైనా తీసుకోవద్దు.

ఈ పథకంలో మాకు బాగా నచ్చింది ప్రెయిరీ పట్టీలు, పథకం కాగితాల్లో సీపీ43. 2018 చట్టంతో చేరింది. పంట మధ్యలో, వాలుకు అడ్డంగా 30 అడుగులకు తగ్గకుండా నాటు గడ్డి పట్టీలు వేస్తారు. పొలంలో పదో వంతు ఇలా మార్చితే మట్టి కోత 95 శాతం తగ్గిందని అయోవా స్టేట్ యూనివర్సిటీ పరిశోధనలో తేలింది. గట్టిగా నిలబడే కాడలు వాన నీటి వేగం విరిచేస్తాయి, బురద అక్కడే దిగిపోతుంది. మిగతా తొమ్మిది వంతుల్లో సేద్యం మామూలుగా సాగుతుంది.

లోపాలూ ఉన్నాయి, చిన్నవి కావు. ఒప్పందం మధ్యలో తెంచుకుంటే తీసుకున్న కౌలంతా వడ్డీతో కట్టాలి, పైగా ఏడాది కౌలులో 25 శాతం నష్టపరిహారం. పొలం మొత్తం ఇందులో పెట్టే యజమాని వల్ల కౌలుదారు నోట్లో మట్టి పడుతుంది. కౌలుదారును వెళ్లగొట్టి చేరకూడదని నిబంధన ఉన్నా, కౌలు గడువు అయ్యాక చేరితే ఆపేవాళ్లుండరు. ఇక పెద్ద లోపం, పదేళ్ల తర్వాత ఆ గడ్డికి రక్షణ లేకపోవడం. 2007లో 3.68 కోట్ల ఎకరాలు ఇందులో ఉండేవి. మొక్కజొన్న ధర ఎగబాకిన ఏళ్లలో కోటికి పైగా ఎకరాలు బయటికొచ్చాయి, చాలావరకు మళ్లీ నాగలి కిందికి వెళ్లాయి. పదేళ్లు నేలలో కూడిన సారం రెండు దుక్కులకే కరిగిపోవడం చూస్తే మనసు కలుక్కుమంటుంది.

గడువు దగ్గర పడ్డవాళ్లు దున్నే ముందు రెండు సంగతులు కనుక్కోండి. కొత్తగా సేద్యంలోకి వచ్చే రైతుకు అమ్మినా, దీర్ఘకాలం కౌలుకిచ్చినా మరో రెండేళ్లు కౌలు ఇచ్చే టిప్ అనే ఏర్పాటు ఉంది, అది గడువు లోపలే అడగాలి. రెండోది పశువుల మేత. కంచె, నీళ్ల తొట్టి ఉంటే చాలు, ఆ గడ్డిని పశువులున్న పొరుగు రైతుకు కౌలుకివ్వవచ్చు.