జాఫ్నా వ్యాన్ టూర్: గైడ్‌కి ఐదు స్టార్లు, బండికి రెండు

పోయిన నెల శ్రీలంకలోని జాఫ్నాలో ఒక రోజుకి వ్యాను, గైడు కలిపి మాట్లాడుకున్నాం. కంపెనీ పేరు రాయను, తిట్టేది చాలా ఉంది. ఎనిమిదింటికి వస్తామన్న వ్యాను తొమ్మిదిన్నరకి వచ్చింది, ఏసీలో గాలి వస్తుంది గానీ చల్లదనం రాదు. అన్నిటికన్నా ఒళ్లు మండింది ఎక్కడంటే, దగ్గర్లోని పలాలీలో, అక్కడి యుద్ధంలో పోయిన మన సైనికుల స్మారకం చూపిస్తామని వాట్సాప్‌లో ముందే ఒప్పుకుని, తీరా వచ్చాక "అది మిలిటరీ ఏరియా సార్, పర్మిషన్ తీసుకోలేదు" అన్నారు. నేను వెళ్లిందే దానికోసం.

మా బాబాయి ఐపీకేఎఫ్‌లో, అంటే మన ప్రభుత్వం శ్రీలంకకి పంపిన శాంతి సేనలో, లారీ డ్రైవరు. 1987 జులై 29న రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే అక్కడి గొడవ ఆపే ఒప్పందం మీద సంతకాలు పెట్టారు, ఆ వెంటనే సికింద్రాబాద్‌లో ఉండే 54వ డివిజన్‌ని విమానాలెక్కించారు. తమిళులకి వేరే దేశం కావాలని పోరాడుతున్న తమిళ టైగర్ల (ఎల్‌టీటీఈ) దగ్గర తుపాకులు తీసుకుని వచ్చేయడమే పని అని చెప్పారట. ఆ టైగర్లకి అంతకుముందు ట్రైనింగ్ ఇచ్చింది కూడా మనవాళ్లే. అక్టోబర్‌కల్లా వాళ్లతోనే యుద్ధం. నెలలో వస్తానని పిన్నికి చెప్పి వెళ్లిన మనిషి 89లో వచ్చాడు.

గైడ్ రిటైరైన బడి పంతులు, అక్కడి తమిళుడే. మాది చిత్తూరు కాబట్టి సరిపోయింది, తమిళం రానివాళ్లకి ఆయన చెప్పేదాంట్లో సగం పోతుంది. కోట, లైబ్రరీ మామూలే, యూట్యూబ్‌లో చూసినా చాలు. నల్లూరు గుడి దగ్గర మాత్రం ఆగి, తిలీపన్ అనే టైగర్ల కుర్రాడు మన ప్రభుత్వం ముందు డిమాండ్లు పెట్టి, మంచినీళ్లు కూడా ముట్టకుండా ఇక్కడే నిరాహారదీక్ష చేసి సెప్టెంబర్ 26న చనిపోయాడని చూపించారు. "మేం పూలదండలు వేసిన మీవాళ్ల మీద మా మనసు విరిగింది అప్పుడే తంబీ" అన్నారు. యూనివర్సిటీ దగ్గర వ్యాను దిగలేదు, రోడ్డు మీంచే చూశాం. అక్టోబర్ 11 రాత్రి టైగర్ల నాయకుల్ని పట్టుకుందామని హెలికాప్టర్లలో మనవాళ్లని అక్కడి మైదానంలో దించారు, రేడియో మాటలు ముందే విన్న టైగర్లు మెషీన్‌గన్లు పెట్టుకుని కూర్చున్నారు. సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ వాళ్లు 30 మంది దిగితే 29 మంది పోయారు, ఒక్కడు దొరికిపోయాడు.

డబ్బులు గిట్టుబాటైంది కందరోడైలో. అందరూ అక్కడి చిన్న చిన్న బౌద్ధ స్తూపాల కోసం వెళ్తారు. మేజర్ రామస్వామి పరమేశ్వరన్ చనిపోయిన ఊరు అదే, 1987 నవంబర్ 25న. ఛాతీలో గుండు దిగాక కూడా ఎదుటివాడి తుపాకీ లాక్కుని వాడినే కాల్చాడు, పరమవీర చక్ర ఇచ్చారు. ఆ చుట్టుపక్కలే ఒక సందులోకి వ్యాను పట్టకపోతే దిగి నడిచాం. రెండు పక్కలా మనిషెత్తుకు మించి తాటాకు దడి, దడి వెనక ఇల్లు, ఇంటి వెనక ఇంకో దడి, దానికి మనిషి దూరేంత కంత. పంతులుగారు నన్ను మధ్యలో నిలబెట్టి "ఇప్పుడు నిన్నెవరో కాల్చారనుకో, ఎటు నుంచో చెప్పు" అన్నారు. నేను చుట్టూ చూస్తూ ఉంటే లుంగీ కట్టుకున్న కుర్రాడొకడు సైకిల్ మీద పక్క నుంచే వెళ్లాడు. "టైగర్లూ ఇలాగే ఉండేవాళ్లు" అన్నారాయన. మనవాళ్లకి భాష రాదు, పాత మ్యాపు, చేతిలో ఒక్కో గుండే పేల్చే ఎస్‌ఎల్‌ఆర్ రైఫిల్, అవతల ఏకే 47. మా బాబాయైతే క్యాబిన్‌లో కాళ్ల కింద ఇసుక బస్తాలు వేసుకుని నడిపేవాడట, మందుపాతర పేలితే కాళ్లైనా మిగులుతాయని.

పెద్దాసుపత్రి ముందు మాత్రం పంతులుగారు ఎక్కువ మాట్లాడలేదు. 1987 అక్టోబర్ 21, దీపావళి. మన సైన్యం లోపలికి వచ్చి జరిపిన కాల్పుల్లో రోగులు, డాక్టర్లు, నర్సులు కలిపి 60 మందికి పైగా పోయారు. టైగర్లు లోపలి నుంచి కాల్చారని సైన్యం అంటుంది, ఆసుపత్రి వాళ్లు అలా చెప్పరు. అక్కడ నాకు తల ఎత్తి ఆయన మొహం చూడబుద్ధి కాలేదు. ఆయనేమో టీ తాగుదామా అన్నారు, డబ్బులు కూడా ఆయనే ఇచ్చారు. చివరికి జయవర్ధనే తర్వాత అధ్యక్షుడైన ప్రేమదాస ప్రభుత్వమే మనల్ని పొమ్మని, టైగర్లకి ఆయుధాలు కూడా ఇచ్చింది. 1990 మార్చిలో చివరి ఓడ కదిలేసరికి మనవాళ్లు దాదాపు 1,200 మంది పోయారు.

ఆ సందు ఫోటోలు రాత్రి బాబాయికి పంపాను. దడి గురించీ స్తూపాల గురించీ ఒక్క మాట లేదు. "వెనకాల ఆ కల్వర్టు పాతదేనా, కొత్తగా కట్టారా?" అని అడిగాడు. నేను దాని మీంచే నడిచి వచ్చాను గానీ చూడలేదు.

వెళ్లేవాళ్లు వ్యాను వేరే చోట మాట్లాడుకోండి, పంతులుగారిని మాత్రం విడిగా అడగండి, విడిగా కూడా వస్తారు. ఆదివారం రారు. పలాలీ చూపిస్తామని ఎవరన్నా అంటే పర్మిషన్ కాగితం చూశాకే అడ్వాన్స్ ఇవ్వండి.