మంచులో పూసే హీదర్: స్ప్రింగ్‌వుడ్ వైట్

చలికాలంలోనూ తోటలో పువ్వు ఉండాలని తెచ్చుకున్న ఎరికా కార్నియా ఇది; హీదర్ అనే పొట్టి పూల పొదల్లో ఒకటి, ‘స్ప్రింగ్‌వుడ్ వైట్’ రకం. ఇది మూడో చలికాలం. మంచు కరిగిన చోటల్లా తెల్లటి గంటలే! వంగి దగ్గరగా చూడండి: బియ్యపు గింజంత పువ్వు, అంచు దాటి బయటికి పొడుచుకొచ్చిన గోధుమరంగు కేసరాలు. ఫిబ్రవరి ఎండకి తేనెటీగలు వాలుతుంటే చేతిలో పని ఆపి నిలబడిపోతాను.

అడవిలో ఇది ఆల్ప్స్ కొండల మీద, సున్నపురాళ్ల మధ్య కూడా పెరుగుతుంది. అందుకే చాలా హీదర్లలా ఆమ్ల నేలే కావాలని పేచీ పెట్టదు. నీళ్లు నిలవకుండా చూస్తే చాలు.

ఒక్క ఫిర్యాదు: కుండీ చీటీ మీద కత్తిరింపు గురించి ఒక్క ముక్కా లేదు. మొదటి ఏడాది అక్టోబరులో కత్తిరించి, ఆ చలికాలం పూలన్నీ పోగొట్టుకున్నాను. మొగ్గలు వేసవి చివరికే కట్టేస్తాయి మరి! పూలు వాడగానే, ఆకులున్న కొమ్మ వరకే కత్తిరించాలి.